ఇంతకీ ‘పర్సన్’ అంటే ఎవరు?

మన ఇళ్ళలో రోజుకు పదిసార్లయినా దొర్లే ఇంగ్లీషు మాటల్లో ‘పర్సన్’ ఒకటి. సంబంధం చూసి వచ్చిన పిన్నిగారు “అబ్బాయి చాలా మంచి పర్సనమ్మా” అంటారు. సీమంతానికి భోజనాలు చెబుదామని ఫోన్ చేస్తే క్యాటరింగ్ అబ్బాయి “ఎంతమంది పర్సన్స్ మేడమ్?” అంటాడు. బ్యాంకువాళ్ళు “ఖాతా ఎవరిదైతే ఆ పర్సనే రావాలండీ” అని తిప్పి పంపుతారు. స్కూలు ఫారంలో ‘కాంటాక్ట్ పర్సన్’ అని ఒక గడి, ఆసుపత్రి ఫారంలో ‘రెస్పాన్సిబుల్ పర్సన్’ అని ఇంకో గడి. మహిళా సంఘంలో అధ్యక్షురాలు అన్న మాట పాతబడిపోయి ‘చైర్ పర్సన్’ వచ్చి కూర్చుంది.

దాని పిల్లలు ఇంకా గడుసువి. ‘పర్సనల్’ అంటే మా అమ్మాయి నిఘంటువులో తలుపు గడియ వేసుకోవడం. మా ఆయనకేమో పర్సనల్ అంటే ఆఫీసు వాళ్ళు అడగకూడని సంగతి. మా అత్తయ్యగారి కాలంలో ఇంట్లో ఎవరికీ పర్సనల్ అంటూ ఏదీ ఉండేది కాదు, వచ్చిన ఉత్తరం కూడా అందరూ చదివాకే చేతికొచ్చేది. ఇక ‘పర్సనాలిటీ’ సంగతి చెప్పక్కర్లేదు. ఇంగ్లీషువాళ్ళకు అది స్వభావం, మనకు మాత్రం ఒడ్డూ పొడుగూ. “కుర్రాడు పర్సనాలిటీ బావున్నాడు” అంటే వాడి గుణం గురించి ఎవరూ మాట్లాడటం లేదని మనందరికీ తెలుసు.

ఒక్క మాటకు ఇన్ని వాడకాలుంటే నవ్వుకుని ఊరుకోవచ్చు. కానీ ఈ మాట నవ్వుకుని వదిలేసేది కాదని నా అభిప్రాయం. ఎందుకంటే ‘పర్సన్’ అంటే ఎవరు అన్న ప్రశ్న మీద ఆడవాళ్ళకు కోర్టుల్లో తలుపులు మూసుకున్నాయి, మళ్ళీ తెరుచుకున్నాయి. మా విశాఖ పక్కన, మనం పిల్లల్ని తీసుకుని గుహలు చూడటానికి వెళ్ళే బొర్రాలో, ఈ ఒక్క మాటకు అర్థం ఎంతవరకు అన్నదాని మీదే కొండలు ఆగాయి. అక్కడి సంగతి చెప్పి, దాన్ని మన వంటిళ్ళ దాకా తీసుకురావాలని ఇది రాస్తున్నాను.

ముందు మన తెలుగు మాట చూద్దాం. పర్సన్ అంటే మనిషి, అంతే కదా అనుకుంటాం. ఆ మనిషి కూడా తక్కువది కాదు. ‘మా మనిషి’ అంటే చుట్టం. ‘పనిమనిషి’ అంటే పేరు అడగనక్కర్లేని మనిషి. ‘పెద్దమనిషి’ మాట మరీ విచిత్రం. మగవాడికి వాడితే ఊళ్ళో తీర్పు చెప్పే గౌరవం. ఆడపిల్లకు వాడితే పదమూడేళ్ళకు చాప మీద కూర్చోబెట్టి చిమ్మిలి పెట్టడం. అంటే ప్రతి ఆడపిల్లా చిన్నతనంలోనే పెద్దమనిషి అవుతుంది. ఆ తర్వాత అరవై ఏళ్ళు బతికినా, ఆస్తి పంపకాలప్పుడు అరుగు మీద కూర్చునే పెద్దమనుషుల్లో మాత్రం ఉండదు.

మన వ్యాకరణం కూడా అలాగే ఉంది. పిల్లలకు ఇంగ్లీషులో ఫస్ట్ పర్సన్, సెకండ్ పర్సన్, థర్డ్ పర్సన్ అని చెబుతాం. తెలుగులో అవే ఉత్తమ పురుష, మధ్యమ పురుష, ప్రథమ పురుష. నేను ‘నేను’ అన్నా పురుషే! పైగా తెలుగులో ఒక్క ఆడమనిషి వస్తే ‘వచ్చింది’ అంటాం. ఆవు వచ్చినా, బస్సు వచ్చినా అదే క్రియ. మగవాడు వస్తేనే ‘వచ్చాడు’. కానీ పదిమంది ఆడవాళ్ళు కలిసి వస్తే? ‘వచ్చారు’. అప్పుడు ఆవులతో కాదు, మనుషులతో కలుపుతుంది మన భాష. ఒంటరిగా ఉంటే ఒక లెక్క, కలిసి వస్తే ఇంకో లెక్క. ఎవరో కావాలని చేసిందని నేను అనడం లేదు. భాష అలా పెరిగింది. కాకపోతే ఎవరు మనుషుల లెక్కలోకి వస్తారన్న ప్రశ్న చట్టాల్లోనే కాదు, మనం నోరు తెరిస్తే వచ్చే క్రియల్లో కూడా ఉందని గమనించమంటున్నాను.

ఇప్పుడు బొర్రా. విశాఖ నుంచి కిరండూల్ వెళ్ళే రైలెక్కితే సొరంగాల తర్వాత సొరంగాలు దాటుకుంటూ బొర్రా గుహల స్టేషన్ వస్తుంది. పిల్లలకు సొరంగం రాగానే అరవడం, పెద్దలకు కిటికీ దగ్గర సీటు కోసం తగువు, గుహల్లో శివలింగం దగ్గర దండం, బయటికొచ్చాక బొంగులో చికెన్, కాల్చిన మొక్కజొన్న పొత్తులు. మనలో చాలామందికి బొర్రా అంటే ఇంతే. కానీ ఆ గుహలున్న కొండల్లో ఊళ్ళున్నాయి. అనంతగిరి మండలంలో బొర్రా రిజర్వు అడవి చుట్టూ 14 గిరిజన గ్రామాలు. ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా, అప్పట్లో విశాఖ జిల్లా. ఆ రాళ్ళలో కాల్సైట్ లాంటి ఖనిజాలున్నాయి. వాటిని తవ్వుకోవడానికి రాష్ట్ర ప్రభుత్వం గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజులిచ్చింది.

ఏజెన్సీ భూముల మీద మన రాష్ట్రంలో గట్టి చట్టం ఉంది. 1917లోనే మద్రాసు ప్రభుత్వం గిరిజనుల భూమి చేతులు మారకుండా ఒక చట్టం చేసింది. తర్వాత 1959లో ఒక రెగ్యులేషన్ వచ్చింది. 1970లో దాన్ని ఇంకా బిగించారు. దాని సారం ఏమిటంటే, ఏజెన్సీలో ఏ ‘పర్సన్’ అయినా, గిరిజనుడైనా కాకపోయినా, తన భూమిని గిరిజనులకో, గిరిజనుల సహకార సంఘానికో తప్ప ఇంకెవరికీ ఇవ్వడానికి లేదు. ఇస్తే చెల్లదు.

సమత అనే సంస్థ ఈ లీజుల మీద కోర్టుకెళ్ళింది. హైకోర్టులో ఓడిపోయి సుప్రీంకోర్టుకు వెళ్ళింది. అక్కడ అసలు తగువంతా ఈ చిన్న మాట మీదకు వచ్చింది. చట్టంలో ‘పర్సన్’ ఇవ్వకూడదు అని ఉంది. ప్రభుత్వం ‘పర్సన్’ ఎలా అవుతుంది? కాదు కాబట్టి ఈ నిషేధం ప్రభుత్వానికి తగలదు, ప్రభుత్వ భూమిని ఎవరికైనా లీజుకివ్వచ్చు అన్నది అవతలి వాదన. పైపైన చూస్తే ఆ మాట సబబుగానే కనిపిస్తుంది. ప్రభుత్వానికి కాళ్ళూ చేతులూ లేవు, పెళ్ళీ పేరంటం లేవు, మనిషెలా అవుతుంది? 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టంలో పర్సన్ అంటే కంపెనీ, సంఘం కూడా వస్తాయని రాశారు గానీ, ప్రభుత్వం అన్న మాట అందులో లేదు.

1997 జులై 11న ముగ్గురు జడ్జీల బెంచి తీర్పు చెప్పింది. ఇద్దరు, అంటే జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ సగీర్ అహ్మద్, ఈ చట్టంలో పర్సన్ అంటే ప్రభుత్వం కూడా అన్నారు. జస్టిస్ జి.బి. పట్నాయక్ ఒప్పుకోలేదు. ఇద్దరి మాటే తీర్పయింది. గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు ఇచ్చిన ఆ లీజులు చెల్లవని తేలింది. ప్రభుత్వ సంస్థలు తవ్వుకోవడానికి, గిరిజనుల సహకార సంఘాలు తవ్వుకోవడానికి మాత్రం ఆ తీర్పు అడ్డు చెప్పలేదు. తర్వాత 2001లో బాల్కో కేసులో సుప్రీంకోర్టే ఇంకో బెంచి నుంచి సమత తీర్పు మీద గట్టి సందేహాలు వెలిబుచ్చింది. అయినా సమత తీర్పును కొట్టివేయలేదు.

ఈ తీర్పులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. మామూలుగా ‘నువ్వు కూడా పర్సనే’ అంటే ఒక హక్కు ఇచ్చినట్టు. ఇక్కడ ప్రభుత్వాన్ని ‘నువ్వు కూడా పర్సనే’ అన్నది గౌరవించడానికి కాదు, కట్టెయ్యడానికి. ‘ఊరందరికీ పెట్టిన నియమం నీకూ ఉంది, నియమం రాసిన చెయ్యి నీదే కదా అని తప్పించుకోకు’ అని. ఆ చట్టం ఉద్దేశం గిరిజనుల భూమి గిరిజనుల దగ్గర ఉండటం. షావుకారు లాక్కుంటే తప్పు, ప్రభుత్వం తీసి కంపెనీకిస్తే ఒప్పు అంటే, కొండ మీద ఉన్నవాళ్ళకు రెండింటికీ తేడా ఏముంది? ఎవరి చేతిమీదుగా పోయినా పోయేది వాళ్ళ పొలమే.

కొండ కింద ఉన్న మనకు ఇందులో పనేమిటి అనుకోకండి. గోస్తని నది పుట్టేది ఆ బొర్రా కొండల్లోనే. అది కిందికి దిగి తాటిపూడి జలాశయం నింపి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. తాటిపూడి నీళ్ళు మా విశాఖ కుళాయిల్లోకి వస్తాయి. ఆ కొండ ఏమవుతుందన్నది మన బిందె సంగతి కూడా.

ఇప్పుడు ఇంటికొద్దాం. ప్రతి ఇంట్లోనూ ఒక చిన్న ప్రభుత్వం ఉంటుంది కదా. మా ఇంట్లో ఒక నియమం పెట్టారు. భోజనాల దగ్గర ఎవరూ ఫోన్ పట్టుకోకూడదు. పెట్టింది మా ఆయనే. రెండో రోజునే ఆయన ఫోన్ మోగింది, తీశారు. మా అమ్మాయి కంచంలోంచి తలెత్తకుండానే “ఎవరూ అంటే నాన్న కూడానా అమ్మా?” అంది. “అది ఆఫీసు ఫోనే” అన్నారాయన. ఇదే కదండీ బొర్రాలో ప్రభుత్వం చెప్పింది! నియమం పెట్టినవాడు నియమంలోని ‘ఎవరూ’లో ఉండడు. మీ ఇళ్ళలో కూడా చూడండి. “ఎవరు తిన్న కంచం వాళ్ళు తీసుకోవాలి” అంటే ఆ ‘ఎవరు’లో ఎవరెవరు ఉంటారు? “ఈ నెల అందరం ఖర్చు తగ్గించుకోవాలి” అంటే ఆ ‘అందరం’ చివరికి ఎవరి చీర దగ్గర ఆగుతుంది?

ఆడవాళ్ళకు ఈ తంతు కొత్త కాదు. 1908లో స్కాట్లాండ్‌లో డిగ్రీలు చదివిన కొందరు స్త్రీలు, విశ్వవిద్యాలయ పట్టభద్రులకు ఉన్న పార్లమెంటు ఓటు తమకూ కావాలని అడిగారు. చట్టంలో ‘పర్సన్స్’ అనే ఉంది, మగవాళ్ళు అని లేదు. బ్రిటన్‌లో అందరికన్నా పై కోర్టయిన ప్రభువుల సభ, ఆ పర్సన్స్‌లో ఆడవాళ్ళు రారు పొమ్మంది. వాళ్ళ దగ్గర పన్ను వసూలు చేసేటప్పుడు మాత్రం ఈ అనుమానం ఎవరికీ రాలేదు.

అది వాళ్ళ గొడవ అనుకోనక్కర్లేదు. 1916లో కలకత్తాలో రెజీనా గుహ అనే ఆమె న్యాయశాస్త్రం చదివి, ప్లీడరుగా పేరు నమోదు చేసుకుంటానంది. లీగల్ ప్రాక్టీషనర్స్ చట్టంలో ఉన్నది పర్సన్ అన్న మాటే. కానీ కలకత్తా హైకోర్టు ఆ మాటలో స్త్రీ రాదంది. 1921లో సుధాంశుబాల హజ్రాకు పట్నా హైకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది అలహాబాదు హైకోర్టు కార్నీలియా సొరాబ్జీని చేర్చుకుంది. మాట ఒకటే, దేశం ఒకటే, ఊరు మారితే అర్థం మారిపోయింది! చివరికి 1923లో ప్రత్యేకంగా చట్టం చేస్తే గానీ ఆడవాళ్ళకు ఆ తలుపు తెరుచుకోలేదు. 1929 అక్టోబరు 18న కెనడా ఆడవాళ్ళ కేసులో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్, సెనేటులో కూర్చోవడానికి అర్హులైన ‘పర్సన్స్’లో ఆడవాళ్ళు కూడా ఉన్నారని తేల్చింది. దాన్ని ఇప్పటికీ ‘పర్సన్స్ కేసు’ అనే పిలుస్తారు.

ఇంకో సంగతి వింటే నవ్వొస్తుంది. మన చట్టంలో కంపెనీ ఎప్పటినుంచో పర్సనే. గుడిలో దేవుడు కూడా పర్సనే, ఆయన పేరున భూములుంటాయి, కోర్టులో దావా కూడా వెయ్యచ్చు. న్యూజిలాండ్ 2017లో వాంగనుయి అనే నదిని చట్టం ముందు పర్సన్‌గా ఒప్పుకుంది. అదే ఏడాది మార్చిలో మన ఉత్తరాఖండ్ హైకోర్టు గంగా యమునలను అలాగే అంది, జులైలో సుప్రీంకోర్టు ఆపింది. నదిని, రాయిని, రిజిస్టరైన కంపెనీని మనిషిగా లెక్కపెట్టగలిగిన ఈ మాట, ఇంట్లో అన్నం వండే మనిషి దగ్గరకొచ్చేసరికి ఎందుకు తడబడుతోందన్నదే నా ప్రశ్న.

తడబడుతోందా అంటే, చూడండి. 2001 జనాభా లెక్కల్లో గృహిణులను ‘పనిచేయనివారి’ జాబితాలో వేశారు. ఆ జాబితాలో మనతోపాటు బిచ్చగాళ్ళు, వేశ్యలు, ఖైదీలు ఉన్నారు. వాళ్ళ పక్కన వేశారని నా బాధ కాదు, వాళ్ళూ మనుషులే. తెల్లారి అయిదుకు లేచి రాత్రి పదకొండుకు వంటగది దీపం ఆర్పే మనిషిని పనిచేయని మనిషి అనడమే నా బాధ. 2010లో ఒక రోడ్డు ప్రమాదం కేసులో సుప్రీంకోర్టు దీన్ని తప్పుపట్టింది. 2019లో కేంద్ర ప్రభుత్వం సమయ వినియోగ సర్వే చేసింది. ఆరేళ్ళు దాటిన ఆడవాళ్ళలో 81 శాతం మంది ఇంట్లో జీతంలేని ఇంటిపని చేస్తున్నారని, మగవాళ్ళలో అలా చేసేవాళ్ళు 26 శాతమేనని తేలింది. చేసేవాళ్ళలో కూడా ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు. 2021 జనవరిలో మన తెలుగు జడ్జి ఎన్.వి. రమణగారు ఉన్న బెంచి, ఇంకో ప్రమాదం కేసులో, ఈ లెక్కల్నే ఉదహరించి గృహిణి పనికి విలువ కట్టాల్సిందేనని చెప్పింది. గమనించారా? మన పనికి విలువెంతో తేల్చడానికి మనం రోడ్డు మీద చచ్చిపోవాల్సి వస్తోంది. బతికుండగా ఎవరూ లెక్క కట్టరు.

ఇన్ని చదివాక నాకు అర్థమైంది ఇది. ‘పర్సన్’ అన్న మాటలో రెండు గదులున్నాయి. ఒకటి హక్కు, రెండోది బాధ్యత. బాధ్యత గదిలోకి ఆడదాన్ని పిలవడానికి ఎవరూ వెనకాడరు. స్కూలు ఫారంలో కాంటాక్ట్ పర్సన్ అమ్మే. మామగారికి మందులు వేళకు ఇవ్వాల్సిన రెస్పాన్సిబుల్ పర్సన్ కోడలే. పిల్లాడికి మార్కులు తగ్గితే అడిగేది ఆమెనే. హక్కు గది దగ్గరకొచ్చేసరికి, ఇంటి కాగితాల మీద పేరు ఎవరిది, డబ్బు ఎక్కడుంది, ఎంతుంది అన్న ప్రశ్న వస్తే, “అవన్నీ నీకెందుకు, నేనున్నాగా” అంటారు. మగవాళ్ళకేమో సరిగ్గా తిరగబడి ఉంటుంది. హక్కులో ముందు వరస, ఇంటి నియమాల్లో మాత్రం బొర్రాలో ప్రభుత్వంలాగా ‘నేను ఆ పర్సన్‌లో లేను’.

మళ్ళీ ఒకసారి బొర్రా కొండెక్కుదాం. అక్కడి ఆడవాళ్ళ విషయంలో రెండు చట్టాలు ఈ మాటను కాస్త సరిగ్గా వాడాయి. 1996 నాటి పెసా చట్టం ప్రకారం గ్రామసభ అంటే ఓటర్ల జాబితాలో పేరున్న పర్సన్స్ అందరూ. పెద్దమనుషులు కాదు, మగవాళ్ళు కాదు, ఓటున్న ప్రతి ఒక్కరూ. గుహల బయట పొత్తులు కాల్చి అమ్మే ఆమె కూడా. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం, అడవిలో సాగు చేసుకుంటున్న భూమికి పట్టా ఇచ్చేటప్పుడు పెళ్ళయినవాళ్ళయితే భార్యాభర్తలిద్దరి పేర్లతోనూ ఇవ్వాలి. ఆమె అడిగితే ఇవ్వాలని కాదు. ఇవ్వాలి, అంతే.

దీన్ని బట్టి కొండ మీద ఆడవాళ్ళు సుఖంగా ఉన్నారని చెప్పడం లేదు. గ్రామసభకు అర్హత ఉండటం వేరు, అందులో నోరు తెరిచి మాట్లాడటం వేరు. పైగా 1956 నాటి హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డ్ తెగలకు దానంతట అది వర్తించదు. కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఆంధ్రప్రదేశ్‌లో 1985లో వచ్చింది, దేశమంతా 2005లో వచ్చింది. ఆ వాటా మనకుంది, కొండ మీది చెల్లెలికి ఆ చట్టం ద్వారా రాలేదు. కాబట్టి ఎవరి బరువు వాళ్ళకుంది. నేను అడిగేది ఒక్కటే. అడవిలో రెండెకరాల పోడు భూమికి ఇద్దరి పేర్లూ రాయాలని చట్టం చెప్పగలిగినప్పుడు, పట్నంలో రెండు పడకగదుల ఫ్లాటు కాగితంలో మన పేరు రాయించుకోవడానికి మనమెందుకు మొహమాటపడుతున్నాం?

“ప్రేమ ఉన్న చోట కాగితాలెందుకండీ, మావారు నన్ను ఏనాడూ వేరుగా చూడలేదు” అని మీలో కొందరు అనుకుంటారు. నిజమే, నా ఇల్లూ అలాంటిదే. అందుకే ఈ మాట ప్రేమ ఉన్న ఇళ్ళలోనే ముందు మాట్లాడుకోవాలంటాను. తగువులున్న ఇంట్లో ఈ ప్రశ్న వేస్తే యుద్ధమవుతుంది, మంచిగా ఉన్న ఇంట్లో వేస్తే కబురవుతుంది. పైగా ప్రేమ చూసే మనిషి ఎల్లకాలం ఉండకపోవచ్చు. ఆ తర్వాత ఎదురుగా కూర్చునేది బ్యాంకు మేనేజరు, మరుదులు, తాసీల్దారు. వాళ్ళకు మన ముప్ఫై ఏళ్ళ సంసారం తెలియదు, కాగితంలో పేరు ఒక్కటే తెలుసు. మా బంధువుల్లో ఒకావిడకు భర్త పోయాక, ఇన్నాళ్ళూ తాను దులిపి తుడిచిన ఇంటిలో తాను ఎవరో నిరూపించుకోవడానికి ఏడాదిన్నర పట్టింది. ఆవిడ భర్త మంచివాడే. ఎప్పుడూ ఆ మాట తలపుకు రాలేదంతే.

“మా ఆయన వేరే మనిషా ఏమిటి, ఇద్దరం ఒకటే కదా” అన్నది ఇంకో మాట. వినడానికి బావుంటుంది. ఇద్దరూ ఒకటే అన్నప్పుడు ఆ ఒకటి ఎవరన్నది కూడా అడగాలి. సంతకం పెట్టేది ఎవరైతే ఆ ఒకటి వాళ్ళే అవుతున్నారు.

కాబట్టి నా సలహా పెద్దదేం కాదు. ఈ ఆదివారం ఓ గంట తీరిక చేసుకుని ఇంట్లో కాగితాలు బయటికి తీయండి. ఇంటి దస్తావేజు, బ్యాంకు పాసుపుస్తకాలు, బీమా పాలసీలు, గ్యాసు పుస్తకం, రేషన్ కార్డు. ఒక్కో దాని మీదా ఎవరి పేరుందో, నామినీ ఎవరో ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. రేషన్ కార్డు తీసినప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం కార్డు ఇచ్చేందుకు ఇంటి పెద్ద అంటే పద్ధెనిమిదేళ్ళు నిండిన ఆడవాళ్ళలో పెద్దావిడ. బియ్యం దగ్గర మనం ఇంటి పెద్దలమైతే, ఇల్లు దగ్గర ఎందుకు కాకూడదు అని నవ్వుతూ అడగండి. ఆ నోటుపుస్తకం మీ ఆడపడుచుకీ, మీ కోడలికీ కూడా చూపించండి. మనం అత్తలమయ్యాక మన ‘పర్సన్స్’ లెక్కలో కోడలు ఉండాలి కదా. ఇంట్లో వంటపని చేసే అమ్మాయికి ‘పనిమనిషి’ కాకుండా ఒక పేరుందని పిల్లలకు చెప్పడం కూడా ఇందులో భాగమే.

రెండోది, ఇంట్లో నియమం పెట్టే ముందు ‘ఎవరూ’ అంటే ఎవరెవరో గట్టిగా చెప్పుకోండి. నియమం పెట్టినవాళ్ళతో మొదలుపెట్టండి, అది మీరైనా సరే. ఫోన్ నియమం మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. ఆఫీసు ఫోన్ వస్తే ఆయన కంచం ముందు నుంచి లేచి బాల్కనీలోకి వెళ్ళి మాట్లాడి వస్తున్నారు. మా అమ్మాయి తీర్పు పూర్తిగా అమలైందని అనను గానీ, నియమంలో నాన్న కూడా ఉన్నాడని ఇంట్లో అందరికీ తెలిసింది.

మూడోది, ఈసారి బొర్రా వెళ్ళినప్పుడు గుహలు చూసి, పొత్తులు తిని, బేరాలాడి వచ్చెయ్యకండి. అమ్మే ఆమెను ఏ ఊరని అడగండి, పొలం ఉందా అని అడగండి, పట్టాలో పేరు పడిందా అని అడగండి. పడిందంటే మీ ఇంటి కాగితంలో మీ పేరుందో లేదో ఆమెకు చెప్పండి. ఆ మాట చెప్పడానికి మీకు కాస్త ఇబ్బందిగా ఉంటే, ఆదివారం చేసే పని ఇంకా మిగిలే ఉందన్నమాట.